పెట్రోలుతో కడుక్కున్న చేతులు

మా చిన్నబాపు పోయాడని సిరిసిల్ల నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "పొయ్యిండు బిడ్డా. నెత్తురంత కరాబైనంక ఇంకేడ బతుకుతడు?" అని ఏడ్చింది. రక్త క్యాన్సర్ అని తెలిసినప్పటి నుంచి ఈ కబురు కోసమే భయపడుతున్నాను. వెంటనే సిరిసిల్ల బస్సెక్కాను.

నాన్నకు తమ్ముడాయన. నూలుకు రంగులద్దే షెడ్డులో బతుకంతా గడిపాడు. ఎరుపు రంగు పని ఎక్కువ. మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. పెళ్లి బంతిలో కూర్చుంటే పక్కవాళ్లతో, "మామిడి తొక్కు బాగ కలుపుకున్న అనుకునేరు, నా చెయ్యే గింతెరుపు" అని నవ్వించేవాడు.

అన్నల కాలమది. తెల్లారేసరికి గోడల మీద నక్సలైట్ల నినాదాలు ఎర్ర అక్షరాల్లో కనబడేవి. ఆ రోజుల్లో ఒకసారి నన్ను తీసుకుని కోరుట్లలో మేనత్త ఇంటికి బయల్దేరాడు. దారిలో పోలీసులు బస్సు ఆపి మగవాళ్లను దింపారు. ఒక పోలీసు చిన్నబాపు చేతులు చూశాడు.

"ఏ గోడ మీద రాసొస్తున్నవ్ రా?"

"నూలుకు రంగేసెటోన్ని సారూ. సిరిసిల్లల ఎవ్వలనన్న అడుగుండ్రి."

ఎవరూ అడగలేదు. అరచేతులు వాచేదాకా కొట్టి పొద్దుగూకాక వదిలారు. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే నా తల నిమిరి, "ఎరుపు నాదే బిడ్డా, రాత నాది గాదు" అన్నాడు.

మర్నాటి నుంచి పని దిగగానే పెట్రోలుతో చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. రంగు చాలావరకు వదిలేది. చూసి షెడ్డంతా అదే పట్టింది. మంచి ఉపాయం చెప్పాడని అందరూ మెచ్చుకున్నారు. అన్నం ముందు కూర్చున్నా ఆయన దగ్గర ఆ వాసన ఉండేది. తర్వాత కాలం మారింది, బస్సులు ఆపడం మానేశారు. షెడ్డులో పెట్రోలు సీసా మాత్రం అలాగే ఉండిపోయింది.

పోయిన ఏడాది ఆయనకు చిగుళ్ల నుంచి రక్తం, విడవని జ్వరం. నీరసమని ఊళ్లో సూదులేశారు. హైదరాబాద్ తీసుకుపోతే పెద్ద డాక్టరు ఏం పని చేసేవాడివని అడిగాడు. పెట్రోలు సంగతి చెప్పగానే తల పంకించాడు.

"అందులో బెంజీన్ ఉంటుందమ్మా. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే ఎముకల్లో రక్తం తయారుచేసే మజ్జను దెబ్బతీస్తుంది. అయితే ఈయనకు దానివల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేను."

"మా దిక్కున ఈ రోగం ఎక్కువుందా సార్?" అన్నాను.

"ఎవరైనా లెక్క తీశారా?" అని ఎదురడిగాడు.

ఎవరు తీస్తారు? పక్క మంచం మీద పురుగుమందు కొట్టీ కొట్టీ వచ్చిన ఎల్లంతకుంట రైతు ఉన్నాడు. ఆయనకూ అదే రోగం, ఆయనకూ అదే జవాబు. మా వాడలో ఎంతోమంది "రక్తం తక్కువై పొయ్యిండు" అన్న ఒక్క మాటతో కాటికి పోయారు. ఏ రోగమో పేరైనా తెలియలేదు.

చిన్నబాపుకు తన ప్రాణం మీద బెంగ లేదు. అదే షెడ్డులో పనిచేస్తున్న కొడుకు మీదే బెంగంతా. నా చెయ్యి పట్టుకుని, "పెట్రోలు ముట్టద్దని పోరనికి జెప్పు బిడ్డా. నా మాట ఇంటలేడు. చేతులు ఎర్రగుంటె ఎవ్వడు సావడు" అన్నాడు.

చెప్పాను. తమ్ముడు నవ్వేశాడు. "మల్యాల నుంచి పిల్ల తరఫోళ్లు నన్ను సూడొస్తున్రక్కా. గీ చేతులు సూస్తె పిల్లనెవ్వలిస్తరు?" అన్నాడు. తిట్టాను, బతిమాలాను. వినలేదు. ఆ సంగతి చిన్నబాపుకు చెప్పలేక, వింటానన్నాడని అన్నాను. ఆయన నమ్మలేదు.

తండ్రి పోయిన కబురు తమ్ముడికి షెడ్డులోనే అందింది. ఎర్రటి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. పాడె పట్టే ముందు చేతులు కడుక్కోమన్నారు పెద్దలు. షెడ్డు నుంచి వెంట వచ్చినాయన ప్రేమగానే పెట్రోలు సీసా మూత తీసి అందించాడు. తమ్ముడు దాన్ని కాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ భోరుమన్నాడు.

"వద్దే కాకా. నీళ్లు తేండ్రి" అన్నాడు.

చిన్నమ్మ చెంబుతో నీళ్లు పోసింది. ఎంత రుద్దినా రంగు పోలేదు. ఆ తడి చేతులతోనే తండ్రి కాళ్ల మీద తెల్లబట్ట సర్దాడు. బట్ట మీద వేళ్ల అచ్చులు ఎర్రగా పడ్డాయి.