తాళం లేని మ్యూజియం

కొన్నేళ్ల కిందట అరోరా నుంచి షికాగో వెళ్లే రైల్లో నా పక్కన ఒక ముసలి మిషనరీ కూర్చున్నారు. ఆఫ్రికాలో బడులతోపాటు ఒక మ్యూజియం కూడా పెట్టారట.

"మా మ్యూజియానికి తాళం లేదు. పెళ్లొస్తే ఊరివాళ్లు డోలు పట్టుకెళ్లి, వాయించుకుని, మళ్లీ తెచ్చి పెట్టేస్తారు," అన్నారు ఇంగ్లీషులో.

నేను ఫోన్‌లో మా ఇంట్లో తాళం వేసి ఉంచే షోకేస్ ఫొటో చూపించాను. "ఈ ఇత్తడి మరచెంబు మా అమ్మమ్మది సర్. ప్రయాణాల్లో నీళ్లు ఇందులోనే పట్టుకెళ్లేది."

ఆయన నా చేతిలోని ప్లాస్టిక్ బాటిల్ చూసి నవ్వారు.

ఆ సాయంత్రమే షోకేస్ తాళం తీసేశాను.

మొన్న మా అమ్మాయి క్యాంపింగ్‌కి వెళ్తూ, "అమ్మా, ఆ బ్రాస్ చెంబు బారో చేస్తా, మళ్లీ పెట్టేస్తా," అంది. చెంబు సొట్టతో తిరిగొచ్చింది.

ఆ సొట్టను వేలితో తడిమి, నేను పేరైనా అడగని ఆ పెద్దాయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.