ఆయనొక్కడికే తెలిసిన స్విచ్చి

మా బావంత పిరికివాణ్ణి నేను చూడలేదు. ఆ మాట ఆయన ముఖం మీదే వెయ్యిసార్లు అన్నాను. లిఫ్టు ఎక్కడు. ఇంజక్షనంటే గోడవైపు తిరిగిపోతాడు. వీధి చివర కుక్క కనిపిస్తే ఇంకో వీధి చుట్టి వస్తాడు. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి ఆ తాళాన్ని పట్టుకుని వేలాడినంత పని చేస్తాడు. "తలుపు ఊడి నీ చేతికొచ్చిందంటే అప్పుడు నిజంగానే దొంగలు పడతారు బావా" అంటే, "నవ్వు నవ్వు, నీదేం పోయింది" అని ఇంకోసారి లాగి చూస్తాడు.

అలాంటి మనిషి ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని పని చేస్తాడు. కార్లలో వైర్ల పని. పెద్ద పెద్ద షోరూముల వాళ్ళు చేతులెత్తేసిన బండ్లు తాడు కట్టుకుని మా షెడ్డుకే వస్తాయి. జేబులో ఎప్పుడూ టెస్ట్ ల్యాంపు ఉంటుంది. ఒక చిన్న బల్బు, దానికో సూది, ఒక వైరు. సూది ఎక్కడ పెడితే అక్కడ కరెంటు ఉందో లేదో ఆ బల్బు చెబుతుంది. అందుకే మా సందులో అందరూ ఆయన్ని దీపం మేస్త్రి అంటారు. మా అక్క మొగుడని చెప్పుకోవడం కాదు గానీ, చేతిలో పనుంది.

నేను అక్కడ నాలుగేళ్ళుగా ఉన్నాను. నేను పనిచేసే కుట్టుమిషన్ల కంపెనీ మూతపడ్డాక ఇంట్లో కూర్చుని అక్క మీద చిరాకు పడుతుంటే, "రావే, ఫోన్లయినా ఎత్తుదువు గానీ" అని బావే పిలిచాడు. ఫోన్లతో మొదలుపెట్టి ఫ్యూజుల దాకా వచ్చాను. సగం పని వచ్చు. ఆ మిగతా సగం రాకపోవడం ఎంత భయంకరమైన విషయమో నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసింది.

ఆయన పిరికితనానికి ఒక కారణం ఉందిలెండి. పదేళ్ళ క్రితం ఒక పంతులమ్మ తన కారు బాగుచెయ్యమని ఇచ్చి వెళ్ళింది. పని పూర్తిచేసి షెడ్డు ముందు పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేసరికి కారు లేదు. అంతే. సబ్బు నురగ ఇంకా మోచేతుల మీదే ఉందట. ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన వీధి వీధీ తిరిగాడు, కనిపించిన ప్రతి తెల్ల కారు నంబరూ చూస్తూ. ఆ కారు దొరకలేదు. ఆ పంతులమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అదే ఆయన్ని తినేసింది.

అప్పటినుంచీ తన సొంత కారుకి కంపెనీ ఇచ్చిన తాళం చాలదని తేల్చేశాడు. కంపెనీది ఎలా పనిచేస్తుందంటే, తాళంచెవి తలలో చిన్న చిప్పు ఉంటుంది. బండి దాన్ని గుర్తుపడితేనే ఇంజను నడుస్తుంది. దానికి ఈయన తన తెలివి కలిపాడు. ఎక్కడో ఒక స్విచ్చి దాచాడు. అది వెయ్యకుండా తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు గిరగిరా తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. ఆ స్విచ్చి ఎక్కడుందో ఎవరికీ చెప్పడు. పైగా ఆరునెలలకోసారి దాని చోటు మారుస్తాడు. "మాకు చెబితే మేమే ఎత్తుకుపోతామా?" అని అక్క నెత్తి మొత్తుకునేది. "మీరు ఎత్తుకుపోరే, మాటల్లో ఎక్కడో జారతారు" అనేవాడు. డ్రైవింగ్ వచ్చిన నాకు కూడా చెప్పలేదు. బండి కావాలంటే తనే వచ్చి, "అటు తిరుగు" అని, స్టార్ట్ చేసి ఇచ్చేవాడు. అటు తిరిగేదాన్ని, నవ్వుకుంటూ.

ఆ ఆదివారం సందంతా షట్టర్లు దించి ఉంది. ఒక బండి మర్నాడు పొద్దున్నే ఇవ్వాలని మేమిద్దరం వచ్చాం, అక్క భోజనం తెచ్చింది. బావ బానెట్ కింద తల పెట్టి ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు. తల బయటికి తీసి మళ్ళీ అన్నాడు. మాటలు కాదు, ముద్దముద్దగా ఏవో శబ్దాలు. మూతి ఒక పక్కకి పోయి ఉంది. బావ కస్టమర్లను అనుకరించి చూపించడంలో దిట్ట, అదే అనుకున్నాను. నేను నవ్వాను. గట్టిగా నవ్వాను. అప్పుడు ఆయన కుడిచేతిలోంచి టెస్ట్ ల్యాంపు జారిపడింది. ఆయన వంగి దాన్ని తియ్యబోతే ఆ చెయ్యి లేవలేదు. తన చెయ్యి వంక తనే పరాయివాడి చెయ్యిని చూసినట్టు చూశాడు.

అక్క చేతిలో క్యారేజీ కింద పెట్టి ఒకే ఒక్క కేక వేసింది.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. దగ్గర్లో బండి లేదు, ముప్పావుగంట పడుతుందన్నారు. "పక్షవాతంలా ఉందమ్మా, మీకు బండి ఉంటే మీరే తీసుకెళ్ళండి, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకండి" అంది ఆ ఫోన్లో అమ్మాయి. బండి ఉంది. మా బండి గుమ్మం ముందే ఉంది. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టాం. తాళంచెవి ఆయన జేబులోంచి తీశాను. తిప్పాను.

సెల్ఫ్ కొట్టింది. కొడుతూనే ఉంది. ఇంజను అందుకోలేదు.

అప్పటిదాకా నాకు ఆ స్విచ్చి గుర్తే లేదు. గుర్తొచ్చిన క్షణంలో వెనక సీటు వైపు తిరిగాను. "బావా, స్విచ్చెక్కడ? బావా!" ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు కదిలింది. "బ... బ..." అంతే. ఎడంచెయ్యి గాల్లో ఏదో గీసింది. ముందుకో, కిందికో, పక్కకో.

"డ్యాష్‌బోర్డు కింద ఉంటుందేమో చూడవే!" అక్క ముందు సీట్లోకి దూరి చేతికందిందల్లా లాగుతోంది. స్క్రూడ్రైవరు పెట్టి ఒక ప్లాస్టిక్ మూత విరగ్గొట్టింది. నేను సీట్ల కింద తడిమాను, కాళ్ళ దగ్గర మ్యాట్లు ఎత్తాను, కనిపించిన ప్రతి బటన్నూ నొక్కి మళ్ళీ తిప్పాను. మూడోసారికి బండి ఊళ పెట్టడం మొదలుపెట్టింది. అది కూడా ఆయన బిగించిందే, దొంగ మూడుసార్లు తిప్పితే సైరన్ మోగేలా. ఆ మోతకి సందంతా దద్దరిల్లింది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వచ్చి చూస్తాడేమోనని బయటికి పరుగెత్తి చూశాను. మూసిన షట్టర్లు తప్ప ఏమీ లేవు. బానెట్ ఎత్తి ఆ సైరన్ వైరు చేత్తోనే తెంపేశాను. వేలు కోసుకుపోయిందని చాలాసేపటి వరకూ నాకు తెలియలేదు.

నిశ్శబ్దమయ్యాక అక్క ఏడుపు వినిపించింది. నాకూ ఏడుపొచ్చింది. భయంతో వచ్చిన ఏడుపు అది, సిగ్గేం లేదు చెప్పడానికి. మా అక్క మొగుడు వెనక సీట్లో పోతున్నాడు, ఆయన చేసిన తెలివైన పనివల్లే పోతున్నాడు, ఆ తెలివిలో సగం నా దగ్గరుంది.

ఆయన నేర్పిందేమిటంటే, భయమేసినప్పుడు ముందు చేతులు కట్టుకుని నిలబడమని. "చేతులు ఊరికే పీకుతాయి. కట్టేసి, కళ్ళతో చూడు, చెవులతో విను." కట్టుకున్నాను. అక్కను తాళం సగం తిప్పి ఆపమన్నాను. మీటర్ల మధ్య తాళంచెవి బొమ్మ దీపం వెలిగి ఆరిపోయింది. అంటే చిప్పును బండి గుర్తుపట్టింది, కంపెనీ తాళం అడ్డు రావడం లేదు. ఇక వినాలి. తాళం తిప్పగానే వెనకనుంచి, ఇంజనుకి పెట్రోలు తోసే పంపు రెండు సెకన్లు గుయ్యిమనాలి. చెవి పెట్టి విన్నాను. బావ గురక లాంటి ఊపిరి తప్ప ఇంకేం లేదు.

పంపుకి కరెంటు పోవడం లేదు. ఫ్యూజు చూశాను, బాగుంది. పంపుకి కరెంటు వదిలే రిలే పీకి, ఆ రంధ్రాల్లో వైరు ముక్క పెట్టి నేరుగా కలిపాను. చాలా బండ్లు ఈ పనితో లేస్తాయి. పంపు పలకలేదు.

అప్పుడు నిజంగా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన ఇది కూడా ఆలోచించాడు. రిలే దాకా రాగల దొంగ గురించి ఆలోచించాడు. అంటే, నా అంత పని వచ్చిన దొంగ గురించి. నాకు వచ్చిన ప్రతి ఉపాయానికీ అడ్డం ఒకటి పెట్టి ఉంచాడు. "పిరికి సన్నాసీ!" అని అరిచాను, ఆయన ముఖంలో ముఖం పెట్టి. "చెప్పు! ఎక్కడ పెట్టావు చెప్పు!"

ఆయన ఎడంచెయ్యి సీటు మీద కొట్టుకోవడం మొదలైంది. దబ్, దబ్, దబ్.

"ఫిట్సు వచ్చినట్టుందే! అయ్యో, పట్టుకో, పట్టుకో!" అక్క ఆ చెయ్యి అదిమిపట్టింది. ఆయన విదిలించుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. అదే చోట. కొట్టి నా వంక చూశాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి గానీ చూపు మాత్రం, నేను తప్పు వైరు పట్టుకున్నప్పుడు చూసే చూపే.

"ఫిట్సు కాదక్కా. చెబుతున్నాడు. సీటు కింద."

పెట్రోలు పంపు ఉండేది వెనక సీటు కిందే. ఆయన్ని మేమే తీసుకొచ్చి దాని మీద పడుకోబెట్టాం. ఇప్పుడు దించాలి. బరువు మనిషి, ఒక పక్క చచ్చిపడి ఉంది. ఇద్దరం రొప్పుతూ నేల మీదికి దించి, తల కింద నా చున్నీ మడిచి పెట్టాం. ముఖం మావైపే ఉంది. సీటు అంచు పట్టుకుని లాగాను, క్లిప్పులు టకటకా ఊడాయి. కింద పంపు మూత, దాంట్లోకి వెళ్ళే వైర్లు. ఒక వైరు మధ్యలో తెగి, రెండు కొసలకీ ఇంకో రెండు వైర్లు అతికి, నల్లటేపు నున్నగా చుట్టి ఉంది. అంత నున్నగా ఇంకెవరూ చుట్టరు. ఆ రెండు వైర్లూ కార్పెట్ కిందనుంచి ముందుకు ఎక్కడికో పోతున్నాయి, ఆ స్విచ్చి దగ్గరికి. స్విచ్చి నాకక్కర్లేదు. రెండు కొసలూ కలిపేస్తే చాలు.

పెట్రోలు వాసన గుప్పుమంటోంది. ఇక్కడ చిన్న నిప్పురవ్వ లేచినా ముగ్గురం పోతాం. "తాళం తీసెయ్యక్కా. పూర్తిగా బయటికి తీసి చేత్తో పట్టుకుని నాకు చూపించు." చూపించింది. పళ్ళతో వైర్ల తోలు పీకాను, రాగి రెండూ మెలివేశాను, టేపు చుట్టాను. నా వేలి రక్తం అంటుకుని టేపు పట్టలేదు. తుడుచుకుని మళ్ళీ చుట్టాను. "ఇప్పుడు తిప్పు."

గుయ్యిమంది.

ఆయన్ని మళ్ళీ ఎలా ఎక్కించామో నాకు గుర్తులేదు. ఆస్పత్రి దాకా ఎర్ర దీపాలు ఎన్ని దాటానో కూడా గుర్తులేదు. దారి పొడవునా అక్క, "ఏవండీ, ఇటు చూడండి, ఇటు చూడండి" అంటూనే ఉంది. నేను మాత్రం ఆ ముడి ఊడకూడదని వెయ్యి దేవుళ్ళకు మొక్కాను.

బతికాడు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు ఎక్కించే గడువు దాటకముందే చేరామట. మూడోరోజు డాక్టరు వచ్చి, కాలు వస్తుంది, మాట మెల్లగా వస్తుంది అన్నాడు. కుడిచేతి వేళ్ళు మాత్రం మునుపటిలా పనిచెయ్యకపోవచ్చన్నాడు. "ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి, అక్క ముఖం చూసి ఆపేశాడు.

ఇంటికొచ్చాక రోజూ సాయంత్రం అక్క ఆయనకు మాటలు పలికించేది. నీళ్ళు అనేది. "నీ... ళ్" అనేవాడు. తలుపు అనేది. "త... త..." ముక్కలు ముక్కలుగా వచ్చేది, సగంలో ఆగిపోయేది, కోపమొచ్చి మంచం కొట్టేవాడు. ఆ చెయ్యి చప్పుడు వింటే నేను లేచి వాకిట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఒకరోజు తనంతట తనే, "ఎ... ఎంత..." అన్నాడు. తర్వాత ఎడంచేత్తో తాళం తిప్పినట్టు గాల్లో తిప్పాడు. "సే... పు?"

అక్క నావైపు చూడలేదు. దుప్పటి సర్దుతూ, "ఎంతసేపేమిటండీ? మీరసలు స్పృహలో లేరు. తిప్పీ తిప్పగానే స్టార్టయింది. ఏం, కాదే?" అంది.

బావ నావైపు తిరిగాడు. నేల మీద, నా చున్నీ మీద తల పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని మొత్తం చూసిన మనిషి. నా నోటికి జడిసేవాడు ఆయన, నేను ఏదైనా ముఖం మీదే అంటానని.

"అవును బావా" అన్నాను. "రెండు నిమిషాలు కూడా పట్టలేదు."

ఆయన ఒళ్ళో ఉన్న కుడిచెయ్యిని చాలాసేపు చూసుకున్నాడు. ఎడంచేత్తో దాని వేళ్ళు ఒక్కొక్కటీ చాపాడు. వదలగానే అవి మళ్ళీ ముడుచుకున్నాయి.

"అబద్ధం" అన్నాడు.

ఎక్కడా ఆగకుండా, ముక్కలు కాకుండా ఆయన నోట వచ్చిన మొదటి మాట. అక్క ముఖం వెలిగిపోయింది. "మాట వచ్చేసిందే! విన్నావా, ఎంత చక్కగా అన్నారో!" అని నా భుజం పట్టుకుని ఊపేసింది. ఏ మాట వచ్చిందో ఆమెకు ఆ తర్వాత అర్థమైంది. నా భుజం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.