మధ్యాహ్నపు తోడేళ్లు

లోకంలో ఎవరు ఏ తప్పు చేసినా దానికి సిగ్గుపడే బాధ్యత మా బావ ఆంథెల్మ్ తన నెత్తిన వేసుకున్నాడు. బస్సు ఆలస్యంగా వస్తే డ్రైవరు దర్జాగానే దిగేవాడు. స్టాపులో మాతో పాటు చలికి వణుకుతున్న మా బావ మాత్రం టోపీ తీసి, "క్షమించాలి, తప్పు నాదే" అని అందరికీ పేరుపేరునా చెప్పేవాడు. ఆర్వ్ నది పొంగితే ఆయనదే తప్పు. ఎవరి పెళ్లిలోనైనా వాన పడితే ఆయనదే తప్పు. ఒకసారి చర్చిలో ఫాదర్ గారు ప్రసంగం మధ్యలో మాట మరిచిపోయి తడుముకుంటుంటే, వెనక వరుసలోంచి ఈయన లేచి, "క్షమించండి ఫాదర్, నేను దగ్గాను" అన్నాడు. ఆయన దగ్గలేదు. పక్కన కూర్చున్నది నేనే కదా, నాకు తెలీదా! ఊరంతా మా వైపు తిరిగేసరికి బెంచీ కిందికి దూరిపోదామా అనిపించింది.

మాంసం కొట్టు మగ్దలీన్ చెయ్యి జారి సాసేజీల దండ నేలమీద పడేసుకున్నప్పుడూ అంతే.

"అయ్యో, నేను చూడబట్టే పడ్డాయి" అన్నాడు.

"మీరు చూస్తే పడతాయా మెస్యూ ఆంథెల్మ్?"

"చాలాసార్లు పడ్డాయండీ."

ఆ దండంతా కొని ఇంటికి తెచ్చాడు. "ఈ ఊళ్లో నేలమీద పడ్డదల్లా మా ఇంటికే వస్తుంది కదరా లూసియన్" అని మా అక్క క్లెమాన్స్ నెత్తి బాదుకుంది. బాదుకుంటూనే వాటిని వైట్ వైన్‌లో ఉడికించి పెట్టింది, మేం తిన్నాం.

ఇంటి దగ్గర ఇదంతా ఎలాగో సర్దుకుపోవచ్చు. వర్క్‌షాపులో ఎలా? మా లోయలో చేసేది సన్న పని. ఉక్కు కడ్డీని లేతు మిషన్‌కి ఎక్కించి, కొలతకి తగ్గట్టు మిషన్ని బిగిస్తే మరలూ పిన్నులూ కింద డబ్బాలో రాలుతుంటాయి. వెంట్రుక వాసి తేడా వచ్చినా ఆ ముక్క పనికిరాదు. అలా చెడిన ముక్కని మా దగ్గర తోడేలు అంటారు. 'వాడు తోడేలు చేశాడు' అన్నారంటే ఆ పూటకి వాడి పరువు పోయినట్టే. అందుకే చేసినవాడు ఎవడూ ఒప్పుకోడు. గుట్టుగా జేబులో వేసుకుని, ఇంటికి పోతూ వంతెన మీంచి నదిలో పడేస్తాడు. మా బావ మాత్రం అందరిముందూ చెయ్యెత్తి, "నాదేనండీ తోడేలు" అనేవాడు.

విచిత్రం ఏమిటంటే, పొద్దుటిపూట ఆయన పనికి వంక పెట్టినవాడు లేడు. ఆయన మిషన్ ముక్కలు అద్దంలా మెరిసేవి. భోజనాల గంట కొట్టాక అందరం ఇళ్లకి పోయి తిని వచ్చేవాళ్లం. మిషన్లు వాటిపాటికి అవి తిరుగుతూనే ఉండేవి. తిరిగొచ్చి చూస్తే ఆయన డబ్బాలో పైనంతా తోడేళ్లే. 'పొద్దున దేవుడు, మధ్యాహ్నం తోడేలు' అని పేరు పెట్టేశారు. భోజనంతో పాటు ఏదో పట్టిస్తున్నాడని ఊరు తేల్చేసింది. మా అక్క చెవిన కూడా పడింది.

"ఏమండీ, ఒకసారి ఊదండి."

ఆయన బుద్ధిగా ఊదాడు.

"ఉల్లిపాయ సూప్ వాసన తప్ప ఏం రావడం లేదు కదరా!" అంది అక్క నాతో, అదే పెద్ద బెంగ అన్నట్టు.

"క్షమించు క్లెమాన్స్" అన్నాడు బావ.

అలా రోజులు దొర్లుతుండగా ఓ మధ్యాహ్నం ఆయన పన్ను పీకించుకోడానికి వెళ్లి, సాయంత్రందాకా తిరిగి రాలేదు. ఆ పూట ఆయన మిషన్‌లో రాలిన సరుకు పెట్టెకెక్కి కారు బ్రేకుల కంపెనీకి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా వెనక్కొచ్చింది. పెట్టెలో ఉన్నవన్నీ తోడేళ్లే!

వర్క్‌షాపు యజమానురాలు సోలాంజ్ పెర్నా మంచిదే గాని కోపమొస్తే మనిషి కాదు. పెట్టె తెచ్చి అందరి మధ్యలో గుమ్మరించింది.

"ఎవరు బిగించారు మిషన్ని?"

"నేనేనండీ. వెళ్లేముందు నేనే బిగించాను" అన్నాడు బావ, వాచిన దవడతో.

"ఇక చాలు. రేపటినుంచి రావద్దు."

ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకో వర్క్‌షాపులో చేరదామన్నా, పెట్టెడు తోడేళ్లు చేసినవాణ్ణి ఈ లోయలో ఎవడు రానిస్తాడు? ఆ వయసులో ఇంకో పని నేర్చుకునేది లేదు. మా అక్క రొట్టెల కొట్టుకి పోవడం మానేసింది. కాఫీ కొట్టులో అయితే, "ఏం లూసియన్, మీ బావ మందని తోలడానికి కుక్కలు కావాలా?" అని ఒకటే ఇకిలింపులు. గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

బావ పనిముట్లు తెచ్చే పని నా మీద పడింది. ఎవరి కంటా పడకూడదని రెండ్రోజులాగి భోజనాల వేళ చూసుకుని వర్క్‌షాపుకి వెళ్లాను. లోపల మనుషులు ఉండరనుకున్నాను. కానీ బావ మిషన్ దగ్గర ఎవరో వంగి ఉన్నారు. చూస్తే సోలాంజ్ నాన్న, ఫ్లోరిమోన్ పెద్దాయన! ఈ వర్క్‌షాపు పెట్టింది ఆయనే. మేడమీదే కాపురం. చూపు దాదాపు పోయింది. ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులతో దిగొచ్చి, మిషన్‌కి చెవి ఆనించి, మర తిప్పుతున్నాడు.

"ఎవరది, లూసియనా? మీ బావ ఉత్త మొద్దురా! ఎన్నేళ్లు నేర్పినా బిగించడం రాలేదు. రోజూ ఈ వేళకి నేనొచ్చి సరిచేయకపోతే ఈ వర్క్‌షాపు ఏమైపోయేదో!"

పనిముట్ల సంగతి మరిచిపోయి ఇంటికి పరిగెత్తాను.

"బావా, పెద్దాయన సంగతి నీకు తెలుసా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నెమ్మదిగా మాట్లాడరా, మీ అక్క వింటుంది."

"మరి చెప్పవేం?"

"ఎలా చెప్పను? నా చెయ్యి పట్టుకుని పని నేర్పిన మనిషి. నేను తిరిగి రాగానే మళ్లీ మొదటికి తిప్పేస్తాను, ఆలోగా పడ్డవే ఆ తోడేళ్లు. సోలాంజమ్మకి తెలిస్తే వర్క్‌షాపు తాళాలు లాక్కుని ఆయన్ని కిటికీ దగ్గర కుర్చీలో కూలేస్తుంది. ఆ కుర్చీలో ఆయన ఒక్క చలికాలం కూడా బతకడు."

"మరి నీ గతేంటి?"

"నాదే తప్పులేరా. ఆ పన్ను ఇంకొన్నాళ్లు ఓర్చుకోవాల్సింది."

ఇన్నాళ్లూ ఆయన వల్ల సిగ్గుపడ్డాను. ఆ పూట మాత్రం ఆయన ముందు సిగ్గేసింది. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పలేదు కూడా.

చెప్పే పని పెద్దాయనే చేశాడు. బావ కొలువు పోయిన కబురు ఎలాగో తెలిసి, మర్నాడు మేమంతా పనిలో ఉండగా ఆ మెత్తటి చెప్పులతోనే ఊడిపడ్డాడు.

"సోలాంజ్! ఆంథెల్మ్‌ని తీసేశావట?"

"పెట్టె మొత్తం వెనక్కొచ్చింది నాన్నా."

"రాదూ మరి? ఆ రోజు వాడు బిగించిందంతా తప్పే. మీరంతా భోజనాలకి పోయిన వేళ నేను ఒక్కణ్ణే కూర్చుని సరిచేశాను!"

సోలాంజ్ తండ్రి వేళ్ల వైపు చూసింది, బావ మిషన్ వైపు చూసింది. మెడ దగ్గర మొదలైన ఎరుపు నుదుటిదాకా పాకింది. ఇకిలించిన మొహాలన్నీ బూట్లు చూసుకుంటున్నాయి. అంతమంది ఒక్కసారే సిగ్గుపడటం నేను మళ్లీ చూడలేదు.

"వాణ్ణి తీసేస్తే నేనెవణ్ణి దిద్దాలి?" అని గద్దించాడు పెద్దాయన.

"పిలిపిస్తాను నాన్నా. కానీ మిగతావాళ్ల మిషన్లు ముట్టుకోకూడదు."

"మిగతావాళ్లతో నాకేం పని? మొద్దు వాడొక్కడేగా!"

ఆ సాయంత్రం సోలాంజ్ తనే మా గుమ్మంలోకి వచ్చింది. నోరు తెరిచేలోపే బావ, "క్షమించండి..." అని అందుకున్నాడు.

"మీరు నోరు ముయ్యండి! ఈసారి నా వంతు!" అని అరిచింది. నాది తప్పంటే నాదని ఇద్దరూ పోట్లాడుకుంటుంటే పొయ్యి మీద మొక్కజొన్న పిండి పొలెంటా అడుగంటింది.

ఇప్పుడు భోజనాల గంట కొట్టగానే బావ తన మిషన్ కింద వేరే డబ్బా పెట్టి మరీ ఇంటికొస్తాడు. అందులో రాలినవి కరిగించడానికి పోతాయి. ఆ సంగతి పెద్దాయనకి తప్ప లోయంతా తెలుసు.

ఈ ఏడు మంచు విరగబడి కురిసినా ఆయన మేడ దిగడం మానలేదు. కాఫీ కొట్టు జినెట్ ఉండబట్టలేక అడిగింది, "ఇంత వయసొచ్చాక ఆ మెట్లు ఎక్కీ దిగీ ఎందుకండీ అవస్థ?" అని.

"ఏం చెయ్యమంటావు తల్లీ? ఆంథెల్మ్‌కి ఇంకా పని రాలేదు. వాడికి వచ్చేదాకా నేను చావడానికి వీల్లేదు" అన్నాడు పెద్దాయన.

మా బావకి నేర్చుకునే తొందరేమీ లేదు.