ఒకటే రేటు, ఐదు స్లాబులు

అది 2022 వేసవి. కంచరపాలెంలో నా సిమెంటు కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని బేరమాడేవాళ్లు అప్పటికే తగ్గిపోయారు. కొట్టు పెట్టిన కొత్తలో ఎన్నో కంపెనీలు, ఒక్కోదానిది ఒక్కో రేటు. కొనేవాడు పూర్ణా మార్కెట్ దాకా తిరిగొచ్చి, “అక్కడ తక్కువకిస్తన్నారు” అని నాతో జగడమాడేవాడు. టీ తెప్పించి తగ్గించేవాణ్ని. ఆ జగడాలంటే నాకు ప్రాణం. తర్వాత చిన్న కంపెనీల్ని పెద్దవి కొనేశాయి. బస్తాల మీద పేర్లు చాలానే మిగిలాయి గానీ వాటి యజమానులు కొద్దిమందే.

జూన్ మొదట్లో అప్పలరాజు వచ్చాడు. జాలరిపేట మనిషి, మరబోటు డ్రైవరు. వేట నిషేధం ఉన్న రెండు నెలలే ఒడ్డున ఉంటాడు కాబట్టి ఇల్లు కట్టినా, పెళ్లి చేసినా అప్పుడే. సెంట్రింగ్, అంటే స్లాబు కింద పెట్టే రేకులూ కర్రలూ, బిగించేశాడు. ఇనుము కట్టించేశాడు. నిషేధం ముగిస్తే సముద్రానికి పోవాలి, వెనకే వానలు. సరిగ్గా అప్పుడే కంపెనీలు బిల్లింగ్ ఆపేశాయి. రేటు పెంచే ముందు డీలర్లకు సరుకు పంపడం మానేస్తాయి, దాన్నే అలా అంటాం. తర్వాత ఒక పొద్దున అన్ని కంపెనీల నుంచీ ఫోన్లు. పెంపు అందరిదీ ఒక్కటే.

అప్పలరాజు నమ్మలేదు. బండేసుకుని కూర్మన్నపాలెం దాకా తిరిగి, చెమటలు కక్కుతూ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

“ఏటి బావా ఇది? బస్తా మీద పేర్లు ఏరు, రేటు ఒకటేనా? అందరూ కూడబలుక్కున్నారేటి?”

“నాకేటి తెలుసు బావా? రేటు నా సేతిలో లేదు.”

“మేస్త్రి సిమెంటు తగ్గించి ఇసక ఎక్కువ కలిపేత్తానంటన్నాడు.”

నాకు ఒళ్లు మండింది. “నీ పిల్లలు పడుకునేది ఆ స్లాబు కిందే. ఆ మాట ఇంకోపాలి అనకు!”

అతను తల దించుకున్నాడు. నాకు జాలేసి కంపెనీ మేనేజరుకు ఫోన్ చేసి బతిమాలాను. “రేటు నా చేతిలో లేదండీ” అన్నాడు. నేను అప్పలరాజుకు చెప్పిన మాటే నాకు తిరిగొచ్చింది.

“రేటు ఒగ్గెయ్. నీ కాడ ఇంకేటి కరుసులున్నాయి?” అన్నాడు అప్పలరాజు.

చెప్పాను. సరుకు నా గోడౌనులో దించాలి, మళ్లీ ఎక్కించాలి, ఆటో కిరాయి. లారీ నేరుగా ఇంటికే పోతే అదంతా మిగులుతుంది. కానీ ఒక్క స్లాబుకు లారీడు సిమెంటు అక్కర్లేదు.

అతను చటుక్కున లేచాడు. “మా ఈదిలో స్లాబు ఎయ్యాల్సినోలు ఇంకా నలుగురున్నారు బావా. ఎవుడికాడే తిరగతన్నాం!”

మర్నాడు ఐదుగురి సిమెంటూ ఎక్కించుకున్న లారీ నేరుగా జాలరిపేటకే వెళ్లింది. వేట లేక ఖాళీగా ఉన్న బోటు కళాసీలు వల లాగేటప్పటిలాగే వరసకట్టి, కేకలేసుకుంటూ బస్తాలు చేతులు మార్చి దించేశారు. పాత రేటుకు పడలేదు గానీ దానికి దగ్గరగా వచ్చింది. ఐదు స్లాబులూ పడ్డాయి. ఎవరి స్లాబులోనూ సిమెంటు తగ్గలేదు. నిషేధం ముగిసిన రోజు అప్పలరాజు కొత్త స్లాబు గట్టిపడడానికి దాని మీద నీళ్లు కట్టి మరీ బోటెక్కాడు.

ఇప్పుడు అందరూ ఫోన్లోనే రేటు చూసుకుని, ఫోన్లోనే డబ్బు పంపేస్తున్నారు. బల్ల ఖాళీగా ఉంటే నాకు బెంగగా ఉంటుంది. కంపెనీ రేటును నేను కదపలేనని ఆ వేసవి తేల్చి చెప్పింది. కొనేవాళ్లు కూడా కలవొచ్చని మాత్రం అప్పలరాజే నాకు నేర్పాడు.

మొన్నటి నిషేధంలో పై అంతస్తు కోసం మళ్లీ వచ్చాడు. బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

“ఈపాలి మీ కంపెనీలోలు ఎందరు కలిసారో సెప్పు బావా. మేం తొమ్మిది ఇళ్లోలం కలిసాం.”

ఎన్నాళ్లకో నాతో జగడానికొక మనిషి వచ్చాడు. టీ తెప్పించాను.