బూడిద ఎవరు కలపమన్నారు?

జహీరాబాద్ చుట్టుపక్కల కంది విత్తనానికి పురుగు పట్టిందంటే జనం ముందు నారమ్మ ఇంటికే పోతారు. అరవై దాటిన మనిషి. పిడకల బూడిదలో ఎండు వేపాకు నలిపి గింజల్లో కలిపి, వెదురు గుమ్మిలో పోసి మూతికి పేడమట్టి మెత్తిందంటే ఏడాది తిరిగినా గింజ చెక్కుచెదరదు. ఆ పని తల్లి అనంతమ్మ దగ్గర నేర్చుకుంది. బడి ముఖం చూడలేదు గానీ మర్యాదలో ఆమెను మించినవాళ్లు లేరు. ఇంటికొచ్చిన మనిషి ఏం చెప్పినా "నువ్వన్నట్టే బిడ్డా" అనేస్తుంది. ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది.

ఆరేళ్ల కింద క్రాంతి కుమార్ అనే పరిశోధక విద్యార్థి వచ్చి మూడు నెలలు ఆమె వెంటే తిరిగాడు. పగలు చూసింది రాసుకునేవాడు, పొద్దుగూకే వేళ చదివి వినిపించి సరిగ్గా ఉందా అని అడిగేవాడు. ఇప్పుడతను అమెరికాలో ఒక విత్తనాల కంపెనీలో శాస్త్రవేత్త. అక్కడే స్థిరపడేందుకు దరఖాస్తు పెట్టుకుంటున్నాడు. అసాధారణ ప్రతిభ ఉందని రుజువు చేసుకున్నవాళ్లకే ఇస్తారట ఆ కాగితాలు. సాక్ష్యంగా నారమ్మ ఒక ఉత్తరం మీద వేలిముద్ర వెయ్యాలి. అతని లాయరు రాసి పంపిన ఆ ఉత్తరాన్ని మనవరాలు కృప జహీరాబాద్‌లో ప్రింటు తీయించి షేర్ ఆటోలో ఊరికి తెచ్చింది. పిల్లవాడు బాగుపడుతున్నాడని నారమ్మ సంబరంగా చేతులు కడుక్కుని కూర్చుంది.

కృప ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతూ మధ్యలో ఆగిపోయింది. క్రాంతి కుమార్ రాకముందు తమ విత్తనాలన్నీ పురుగుల పాలయ్యేవనీ, బూడిద, వేపాకు పద్ధతి ఆయనే కనిపెట్టి తమకు నేర్పాడనీ నారమ్మ చెబుతున్నట్టు రాసి ఉంది. నారమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ అదే.

లాయరు తప్పు రాసుంటాడని సర్దిచెప్పుకుని ఫోన్ కలపమంది. క్రాంతి కుమార్ తెరమీద నవ్వుతూ కనబడ్డాడు. తప్పేమీ లేదన్నాడు. ఆ ముఖంలో దొంగచూపు లేదు. అదే ఆమెను మరింత హడలగొట్టింది. పిల్లవాడు నిజంగానే నమ్ముతున్నాడు! చదువుకున్నవాళ్ల నమ్మకాలు ఇలాగే ఉంటాయి కాబోలు. రుజువు చూడమని పాత వీడియో ఒకటి పంపాడు. అందులో నారమ్మే గుమ్మి ముందు కూర్చుని, బూడిద కలుపుతూ, "ఈ సారు చెప్పినట్టే చేస్తున్నం" అంటోంది. తన నోరే. తన గొంతే.

"అది మర్యాదకు అన్న మాట బిడ్డా," అంది నారమ్మ. "మా అమ్మ నేర్పింది, నువ్వు రాసుకున్నవ్. గట్ల రాయి, ఇప్పుడే వేలేస్త."

"గట్ల రాస్తే నా కేసు పోతదవ్వా," అన్నాడతను.

"అయితే నేనెయ్య."

అతను, కోపమేమీ లేకుండానే, ఫికర్ చేయొద్దనీ, వీడియో ఒక్కటి చాలని లాయరు ముందే చెప్పాడనీ అని, ఫోన్ పెట్టేశాడు.

వేలు వేయకపోయినా నారమ్మ సాక్ష్యం వెళ్లిపోతోంది. ఆమె లేచి, ఖాళీ గుమ్మి ముందుకు లాగి, బూడిద తట్ట పక్కన పెట్టుకుంది. కృపను ఫోన్ పట్టుకుని వీడియో తీయమంది.

పిడికెడు బూడిద తీసి కెమెరాకేసి చూసింది.

"మా అమ్మ పేరు అనంతమ్మ," అంది.