వెదురు పని నేర్చుకుంటానంటే

ఎమ్మే చదివి వెదురు బద్దలు చీల్చడమేందని అడిగేవాళ్లకు నాది ఒకటే జవాబు. కాలేజీలో నాకు కుర్చీలో కూచుని మాట్లాడటం నేర్పినారు, కుర్చీ చేయడం ఎవరూ నేర్పలేదు. నలభై ఎనిమిదేళ్లకు ఆ బుద్ధి పుట్టింది. తప్పా?

కర్నూల్లో మా ఇంటికి నాలుగు సందుల అవతల మేదరోళ్ల వీధి. చాటలు, గంపలు అల్లే ఒక అవ్వ దగ్గర రోజూ పొద్దున పోయి కూచునేదాన్ని. మొదటి వారం ఆమె వెదురు బొంగులు శానా పాడుచేసినాను. కత్తి దింపితే చీలిక ఒక పక్కకు పరిగెత్తేది. ఒక బద్ద కాగితమంత పలచన, ఇంకోటి మొద్దు. నేను పలచనదాన్నే పట్టుకుని లాగేదాన్ని. అది పుటుక్కున విరిగేది.

"దాని జోలికి పోవద్దమ్మా. మందంగా ఉండేదాన్ని వంచు, చీలిక అదే నడిమికొస్తాది" అనింది అవ్వ.

చేయి కుదురుకుంటున్న రోజుల్లో మా బావగారు, అంటే మాతో ఒకే ఇంట్లో ఉండే మా ఆయన అన్న, కారేసుకుని ఆ వీధికి పోయి "మా ఇంటి ఆడమనిషిని ఈడికి రానీయొద్దు" అని అవ్వను బెదిరించి వచ్చినాడు. మరుసటిరోజు అవ్వ నన్ను గడప దాటనీయలేదు.

"మీ ఇంట్లో తేల్చుకో తల్లీ. నేను ఈ ఊర్లోనే చాటలమ్ముకోవాల."

నేరుగా ఇంటికొచ్చి బావగారిని అడిగినాను. "ఆమె అల్లిన చాట మన పెండ్లిండ్లకు పనికొస్తుంది, ఆమె పక్కన నేను కూచోకూడదా?"

"కొనేది వేరమ్మా, కూచునేది వేరు."

"ఓట్లకు నిలబడినప్పుడు ఆమె చాప మీద కూచుని ఫొటో దిగితిరి కదా బావా?"

"అది వేరే."

"అవును. అప్పుడు మీకు ఆమె ఓటు కావాల, ఇప్పుడు నాకు ఆమె పని కావాల. ఇద్దరం అడుక్కునేవాళ్లమే."

మా ఆయన టీవీ శబ్దం పెంచినాడు. ఆయన పక్షం ఎప్పుడూ టీవీదే.

మళ్లీ అవ్వ దగ్గరికి పోయి, వాకిట్లోనే నిలబడి చెప్పినాను. "నేను రాకూడదంటే నువ్వే రా అవ్వా. మా వసారాలో నేర్పు."

"మీ బావ ఊరుకుంటాడా?"

"ఆ ఇంట్లో సగం నా పేరున ఉండాది. మా నాయన దుడ్లతో కొన్నది. వసారా నా సగంలోకే వస్తుంది."

అవ్వ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "నీకు నోరు శానా ఎక్కువమ్మా" అనింది. మరుసటిరోజు పొద్దున్నే నాలుగు బొంగులు ఆటోకు కట్టించుకుని దిగింది. వసారా నడిమధ్య చాప పరుచుకుంది, నన్ను ఎదురుగా కూచోబెట్టింది. కుర్చీ కాళ్లకు బొంగు కొలిచి గీత పెట్టి, కత్తి నా చేతికిచ్చింది.

బావగారు తెల్లచొక్కా వేసుకుని తలుపు దాకా వచ్చి ఆగినాడు. బయటికి పోవాలంటే మా ఇద్దరినీ దాటాల. అవ్వ జరగలేదు. నేనూ జరగలేదు. ఏమంటాడోనని నేను తలెత్తి చూస్తున్నాను.

"ఏమ్మే, ఆయప్పను ఏం చూస్తావు?" అని కసిరింది అవ్వ. "వేలు తెగుతాది. కత్తిని చూడు."