గేటు దగ్గర ఆగిన బోనం

2022. పేట్ బషీరాబాద్‌లో హైవే హోరు వినిపించే ఒక చిన్న ప్రచురణ సంస్థలో నవలలకు ఎడిటర్‌ని. నా పని డెవలప్‌మెంటల్ ఎడిట్. అంటే అచ్చుతప్పులు దిద్దడం కాదు, కథ నిలబడుతుందో కూలుతుందో ముందే చెప్పడం. ఈ విషయంలో నా అంచనా తప్పదని నాకు గట్టి నమ్మకం, కాస్త పొగరు కూడా.

శ్రీలతది శామీర్‌పేట పక్క ఊరు. తొలి నవల తెచ్చింది. జూన్ నెలలో, శామీర్‌పేటలోనే ధనికుల పిల్లలు చదివే బోర్డింగ్ స్కూల్లో టీచరు హత్య, హంతకుడు ఊళ్లోంచి వచ్చిన వాచ్‌మన్. మా యజమాని ఒకసారి తిప్పి పంపేశారు. రెండో డ్రాఫ్టూ నచ్చకపోతే ఇక ఇంతే అన్నారు. ఆ మొదటి డ్రాఫ్టు నేను చదివితే పేజీపేజీకీ పొగమంచు, గడియారపు గోపురం, రాతిమెట్లు.

"జూన్ల శామీర్‌పేటకు మంచు యాడికెల్లి వచ్చిందమ్మా?" అన్నాను.

"బోర్డింగ్ స్కూలంటే గట్లనే ఉంటది గద సార్. నేను సదివిన పుస్తకాలన్నిట్ల గంతే."

"మరి నువ్వు చూసిన స్కూలు ఎట్లుంటది?"

"మా పొలంలనే కట్టిన్రు సార్. నాయిన అమ్మిండు. మైసమ్మ గుడి గూడ గోడ లోపల్నే పడ్డది. బోనాలకు ఒక్క దినం గేటు తీస్తరు. ఒకసారి కొత్త గార్డు మా అవ్వను, గదే మా నాయినమ్మను, నెత్తి మీది బోనం కుండ దించి లోపలేమున్నదో సూపియ్యమన్నడు. అమ్మవారి ముందట తప్ప దించొద్దు గద! అవ్వ దించలే. స్కూలు పెద్దసారొచ్చి పోనియ్యమనేదాక ఎండల గట్లనే నిలవడ్డది."

నాకు ఒళ్లు మండింది. "గిది వదిలేసి మంచు రాస్తవా?" అని గట్టిగానే అన్నాను. మిస్టరీలో సెట్టింగ్, అంటే కథ జరిగే చోటు, ఉత్త అలంకారం కాదు. లోపలివాళ్లు మంచివాళ్లు, అనుమానమంతా బయటివాళ్ల మీదే అని ఆ గోడ చెబుతోంది. పోలీసులు దాన్ని నమ్మి ఊరంతా గాలించాలి. హంతకుడు మాత్రం లోపలే కూర్చుని భోంచేస్తుండాలి. ఇదంతా ఆమెకు విడమరిచి చెప్పాను.

"గది రాస్తే, గుడితోని సహా అమ్మిండని నాయినను అంటరు సార్. నాతోని గాదు" అని డ్రాఫ్టు తీసుకుని లేచిపోయింది. నవల పోయిందనే అనుకున్నాను. బాధపడ్డాను, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

దసరా తర్వాత వచ్చింది. కొత్త డ్రాఫ్టు గేటు దగ్గరే మొదలైంది. యజమాని ఏకబిగిన చదివి, అచ్చుకు ఇచ్చేయమన్నారు. "మీ నాయిన ఏమన్నడు?" అని అడిగాను.

"మొదటి అధ్యాయం సదివి వినిపించిన సార్. 'మా అమ్మ నిలవడ్డది గింతసేపేనా బిడ్డా? మస్తు తక్కువ రాసినవ్. నేను పక్కన్నే ఉన్న, ఒక్క మాట అనలే. గది గూడ రాయి' అన్నడు."

అప్పటి నుంచి ఏ మిస్టరీ వచ్చినా శవం సంగతి తర్వాత చూస్తాను. గేటు దగ్గర ఎవర్ని ఆపారో, అప్పుడు ఎవరు నోరెత్తలేదో ముందు వెతుకుతాను.